మెమరీ కార్డు డ్రైవర్ మెరుగుదల: లినక్స్ కెర్నెల్ అనుభవం, రాయలసీమ పరిస్థితులు

వ్యాససంగ్రహం

మెమరీ కార్డులను నడిపే కెర్నెల్ డ్రైవర్‌ను మెరుగుపరచడమంటే వేగం పెంచడమేనన్న అభిప్రాయం బలంగా ఉంది. లినక్స్ కెర్నెల్‌లోని ఎంఎంసీ విభాగంలో 2011 నుంచి 2021 వరకు వచ్చిన ప్రధానమైన మార్పులను ఈ వ్యాసం వివరిస్తుంది. తీవ్రమైన ఎండ, ఆకస్మికంగా పోయే కరెంటు ఉన్న ఎర్రగుంట్ల వంటి ప్రాంతంలో పనిచేసే పరికరాన్ని దృష్టిలో ఉంచుకొని వాటిని బేరీజు వేస్తుంది. వేగం పెంచిన ప్రతి మార్పూ డ్రైవర్ బాధ్యతను కూడా పెంచిందనీ, "రాశాను" అని చెప్పిన మాటను నిలబెట్టుకోవడమే డ్రైవర్ నాణ్యతకు అసలు కొలమానమనీ ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: మెమరీ కార్డు, ఈఎంఎంసీ, కెర్నెల్, డ్రైవర్, ఆదేశాల వరుస, క్యాష్, విద్యుత్ అంతరాయం.

1. ప్రవేశిక

కడప జిల్లాలోని ఎర్రగుంట్ల ఒక రైల్వే జంక్షన్. చుట్టుపక్కల సున్నపురాయి నేలలు, వాటిపై ఆధారపడిన సిమెంటు కర్మాగారాలు, సమీపంలో రాయలసీమ థర్మల్ విద్యుత్ కేంద్రం ఉన్నాయి. వేసవిలో పగటి ఉష్ణోగ్రత 40 డిగ్రీలు దాటడం ఇక్కడ ఏటా ఉన్నదే. ఇలాంటి చోట క్షేత్రపర్యటనకు వెళ్లిన ఒక పరిశోధకుడు, వయసు మళ్లిన ఒక గాయని పాడిన పెండ్లిపాటలను తన ఫోనులో రికార్డు చేశాడనుకుందాం. ఫైలు భద్రమైందని తెరపై కనిపించింది. అంతలోనే బ్యాటరీ అయిపోయి ఫోను ఆగిపోయింది. మళ్లీ తెరిచి చూస్తే ఫైలు పేరు ఉంది, పాట లేదు. ఆమె మళ్లీ పాడగలిగితే నష్టం ఒక పూట శ్రమ మాత్రమే. పాడలేకపోతే ఆ పాఠం శాశ్వతంగా పోయినట్లే.

ఈ నష్టానికి ఫోనును గానీ కార్డును గానీ నిందించడం తేలిక. కానీ అనువర్తనానికీ కార్డుకూ నడుమ కెర్నెల్ డ్రైవర్ అనే మధ్యవర్తి ఉంది. ఆండ్రాయిడ్ ఫోన్లు, తక్కువ ధర టాబ్లెట్లు, ప్రయోగశాలల్లోని రాస్ప్‌బెర్రీ పై బోర్డులు అన్నీ లినక్స్ కెర్నెల్ మీద నడుస్తాయి. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రభుత్వ పాఠశాలల ఎనిమిదో తరగతి విద్యార్థులకు పాఠాలు ముందే నింపిన టాబ్లెట్లను పంపిణీ చేసింది. పాఠమైనా పాటైనా చివరకు చేరేది ఫ్లాష్ నిల్వలోకే. కాబట్టి ఈ మధ్యవర్తి పనితీరు కంప్యూటర్ శాస్త్రజ్ఞులకు మాత్రమే సంబంధించిన విషయం కాదు.

2. కార్డు లోపలి నిర్మాణం

ఫ్లాష్ నిల్వను పలకతో పోల్చవచ్చు. పలకమీద ఒక్కొక్క పంక్తి రాసుకుంటూ పోవచ్చు. తుడవాలంటే మాత్రం పలకంతా ఒకేసారి తుడవాలన్న నియమం ఉందనుకోవాలి. ఫ్లాష్‌లో రాసే ప్రమాణాన్ని పుట అంటారు. అది కొన్ని కిలోబైట్లు ఉంటుంది. చెరిపే ప్రమాణం ఖండం. అందులో అనేక పుటలుంటాయి. రాసిన పుట మీద చెరపకుండా మళ్లీ రాయడం సాధ్యం కాదు. పైగా ఒక్కో ఖండాన్ని ఎన్నిసార్లు చెరపవచ్చో దానికి ఒక పరిమితి ఉంది.

ఈ చిక్కులను దాచడానికి ప్రతి కార్డులోనూ ఒక చిన్న కంట్రోలర్ ఉంటుంది. కెర్నెల్ అడిగిన చిరునామాను అసలు పుట చిరునామాగా మార్చడం, అరుగుదలను అన్ని ఖండాలకూ పంచడం, పనికిరాని పుటలను ఏరి చెరపడం దాని పని. బయటికి మాత్రం కార్డు 512 బైట్ల గదుల వరుసలా కనిపిస్తుంది. ఫోన్లలో, టాబ్లెట్లలో బోర్డుకే అతికించి ఉండే ఈఎంఎంసీ, బయటనుంచి చొప్పించే ఎస్‌డీ కార్డు రెండూ ఈ సూత్రం మీదే పనిచేస్తాయి. రెండింటినీ లినక్స్‌లో ఒకే విభాగం చూసుకుంటుంది. లోపల ఖండాలను సర్దే పని నడుస్తున్నప్పుడు ఒక చిన్న రాతకు కూడా అనూహ్యంగా ఎక్కువ సమయం పట్టవచ్చు. డ్రైవర్ రచయిత ఎదుర్కొనే మొదటి సమస్య ఈ అనిశ్చితే.

3. నిరీక్షణను తగ్గించిన మార్పు: 2011

ఎర్రగుంట్ల సిమెంటు కర్మాగారం ముందు లారీలు నిలబడి ఉన్నాయనుకుందాం. ఒక లారీ బస్తాలు నింపుకొని గేటు దాటేవరకు తరువాతి లారీ కాగితాలు కూడా చూడకపోతే నింపే యంత్రం చాలాసేపు ఖాళీగా ఉంటుంది. 2011కు ముందు ఎంఎంసీ డ్రైవర్ ఇలాగే పనిచేసేది. ఒక అభ్యర్థన పూర్తయిన తరువాతే రెండోదాన్ని సిద్ధం చేయడం మొదలయ్యేది. సిద్ధం చేయడమంటే ప్రధానంగా మెమరీలోని దత్తాంశాన్ని డీఎంఏ బదిలీకి అనువుగా మార్చడం. ఆర్మ్ ప్రాసెసర్లలో ఇందుకోసం ప్రాసెసర్ క్యాష్‌ను శుభ్రపరచవలసి వస్తుంది. కార్డుల వేగం పెరిగేకొద్దీ ఈ సన్నాహక కాలం మొత్తం కాలంలో పెద్ద భాగమైంది.

లినారో సంస్థ తరఫున పెర్ ఫోర్లిన్ చేసిన మార్పు దీనిని సరిదిద్దింది. ఒక అభ్యర్థన కార్డుకు బదిలీ అవుతుండగానే తరువాతిదాన్ని సిద్ధం చేసేందుకు, ముగిసినదాని తరువాతి పనులను చూసేందుకు వేర్వేరు దశలు ఏర్పడ్డాయి. అదే ఏడాది, ఎన్ని గదులు రాయబోతున్నామో కార్డుకు ముందే చెప్పే 23వ సంఖ్య ఆదేశానికి కూడా డ్రైవర్‌లో చోటు దొరికింది. అంతకుముందు రాయడం మొదలుపెట్టి, చివర "ఆపు" అనే ఆదేశం పంపేవారు. పరిమాణం ముందే తెలిస్తే కార్డు తన పనిని మెరుగ్గా సర్దుకోగలదు.

4. చేర్చి తొలగించిన మార్పు: 2013-2016

ప్రతి కొత్త హంగూ మెరుగుదల కాదని చెప్పే ఉదాహరణ కూడా ఈ చరిత్రలో ఉంది. అనేక చిన్న రాతలను ఒకే మూటగా కట్టి పంపే సౌకర్యాన్ని ఈఎంఎంసీ 4.5 ప్రమాణం ప్రవేశపెట్టింది. లినక్స్‌లోకి అది 2013లో వచ్చింది. ఊహలో అది చక్కని పద్ధతే. ఆచరణలో రాతలకే మూట కట్టగలిగారు, చదువులకు కట్టలేదు. దానిని వాడుకున్న హార్డ్‌వేర్ చాలా తక్కువ. చేర్చినవారు తరువాత దాని బాగోగులు చూసుకోలేదు. అయినా అయిదువందల పంక్తులకు మించిన ఆ కోడ్ ప్రతి అభ్యర్థన దారిలోనూ అడ్డు నిలిచింది.

2016 చివర్లో లైనస్ వాలై దానిని పూర్తిగా తొలగించే మార్పును ప్రతిపాదించగా అది ఆమోదం పొందింది. ఈ తొలగింపు వెనుకడుగు కాదు. డ్రైవర్‌ను ఆధునిక పద్ధతిలోకి మార్చడానికి అది దారి చదును చేసింది. పరీక్షించేవారూ పోషించేవారూ లేని సౌకర్యం ఎంత తెలివైనదైనా కెర్నెల్‌కు భారమేనన్న పాఠాన్ని పరిశోధకులు ఇక్కడ గమనించాలి.

5. ఆదేశాల వరుస: 2018

2018 ఏప్రిల్‌లో విడుదలైన 4.16 సంచికలో రెండు పెద్ద మార్పులు కలిసి వచ్చాయి. వీటిలో ఇంటెల్ సంస్థకు చెందిన ఏడ్రియన్ హంటర్ కృషి ప్రధానమైనది. మొదటిది, కార్డుకొక దారం చొప్పున అభ్యర్థనలను ఒక్కొక్కటిగా తీసుకునే పాత పద్ధతి స్థానంలో కెర్నెల్‌లోని బహుళ వరుసల పద్ధతి రావడం. రెండోది, ఈఎంఎంసీ 5.1 ప్రమాణంలోని ఆదేశాల వరుసకు మద్దతు. దీనిద్వారా 32 వరకు పనులను కార్డుకు ముందే అప్పగించవచ్చు. ఏది ముందు చేస్తే తన లోపలి అమరికకు అనుకూలమో కార్డే నిర్ణయించుకుంటుంది. చెల్లాచెదురుగా ఉన్న చిన్న ఫైళ్లను చదివేటప్పుడు దీని ప్రయోజనం ఎక్కువ.

అయితే ఇక్కడే బాధ్యత కూడా పెరిగింది. ఒకే అభ్యర్థన ఉన్నప్పుడు విఫలమైనది ఏదన్న ప్రశ్నే లేదు. 32 పనులు కార్డు చేతిలో ఉండగా లోపం తలెత్తితే వరుసను నిలిపి, ఏవి పూర్తయ్యాయో ఏవి కాలేదో తేల్చి, మిగిలినవాటిని సురక్షితంగా తిరిగి పంపాలి. ఏడ్రియన్ హంటర్ మార్పుల్లో వేగవంతమైన దారితోపాటు ఈ కోలుకునే దారికీ గణనీయమైన స్థానముంది. డ్రైవర్‌ను సమీక్షించే విద్యార్థి ముందుగా చదవవలసిన భాగం కూడా అదే.

ఎస్‌డీ కార్డుల సంగతి వేరు. కార్డు మీద కనిపించే ఏ1 గుర్తు సెకనుకు కనీసం 1500 చదువులు, 500 రాతలు చేయగలనని చెబుతుంది. ఏ2 గుర్తు 4000 చదువులు, 2000 రాతలు చేయగలనంటుంది. కానీ ఏ2 హామీ నెరవేరాలంటే ఆదేశాల వరుసనూ కార్డులోని క్యాష్‌నూ డ్రైవర్ ఉపయోగించాలి. లేకపోతే ఎక్కువ ధర పెట్టి కొన్న కార్డు ఆ స్థాయిని అందుకోదు. రాస్ప్‌బెర్రీ పై సంస్థ తన అయిదో తరం బోర్డు కోసం ఎస్‌డీ కార్డుల ఆదేశాల వరుసను తన కెర్నెల్‌లో 2024లో అందుబాటులోకి తెచ్చింది. హామీ కార్డు మీద అచ్చవుతుంది. దాన్ని నెరవేర్చవలసినది మాత్రం డ్రైవర్ కూడా.

6. ఎండ ప్రభావం: సంకేతాల సవరణ

ఎస్‌డీ కార్డుల ఎస్‌డీఆర్104 పద్ధతిలో గడియారం 208 మెగాహెర్ట్జ్ వరకు ఉంటుంది. సెకనుకు 104 మెగాబైట్ల వరకు బదిలీ సాధ్యం. ఈఎంఎంసీ హెచ్ఎస్400 పద్ధతిలో అది 400 మెగాబైట్లకు చేరుతుంది. ఇంత వేగంలో తీగ మీది సంకేతాన్ని సరైన క్షణంలో చదవాలి. ఆ క్షణాన్ని వెతికి పట్టుకోవడాన్ని ట్యూనింగ్ అంటారు. తెలిసిన ఒక నమూనాను కార్డు పంపుతుంది. ఏ క్షణంలో చదివితే అది తప్పులేకుండా వస్తుందో కంట్రోలర్ కనిపెడుతుంది.

ఉష్ణోగ్రత మారితే ఈ క్షణం జరుగుతుంది. ఉదయం చల్లని గదిలో కుదిర్చిన అమరిక, మధ్యాహ్నం రేకుల కప్పు కింద ఉన్న పరికరానికి సరిపోకపోవచ్చు. అప్పుడు మోసపూరితమైన దోషాలు తలెత్తుతాయి: కార్డు చెడిపోలేదు, దత్తాంశం చెడిపోలేదు, చదవడంలోనే తప్పు దొర్లుతుంది. 2015లో డ్రైవర్‌కు పునఃట్యూనింగ్ వ్యవస్థ చేరింది. నిర్ణీత కాలం గడిచినప్పుడు లేదా సరిచూపు సంకేతంలో దోషం కనిపించినప్పుడు అమరికను మళ్లీ కుదిర్చి, ఆ తరువాత అభ్యర్థనను తిరిగి ప్రయత్నిస్తుంది. చల్లని ప్రయోగశాలలో ఈ మార్పు విలువ బయటపడదు. రాయలసీమ మే నెలలో దాని అవసరం తెలుస్తుంది.

7. కరెంటు పోయినప్పుడు

ప్రవేశికలో చెప్పిన పాట ఎక్కడ పోయిందో ఇప్పుడు చూడవచ్చు. అనువర్తనం రాసిన దత్తాంశం మొదట కెర్నెల్ ప్రధాన మెమరీలో ఆగుతుంది. ప్రత్యేకంగా కోరకపోతే సాధారణ అమరికలో అది 30 సెకన్ల వరకు అక్కడే ఉండవచ్చు. అక్కడినుంచి కార్డుకు చేరినా, కార్డులోని తాత్కాలిక క్యాష్‌లో నిలవవచ్చు. కరెంటు పోతే ఆ రెండు చోట్ల ఉన్నదీ పోతుంది. ఫ్లాష్‌లోకి చేరినదే నిలుస్తుంది.

అందువల్ల అనువర్తనం భద్రపరచమని కోరాలి, ఫైల్ వ్యవస్థ ఆ కోరికను కిందికి పంపాలి, డ్రైవర్ క్యాష్‌ను ఖాళీ చేయమని కార్డును ఆదేశించి, అది ముగిసేవరకు ఆగాలి. ఈ గొలుసులో ఏ కడ్డీ తెగినా తెరమీది "భద్రమైంది" అన్న మాటకు అర్థముండదు. ఈఎంఎంసీ క్యాష్‌కు సంబంధించిన ఈ ఏర్పాటు ముందునుంచీ ఉంది. ఎస్‌డీ కార్డుల క్యాష్‌కూ, కరెంటు తీసివేయబోతున్నట్లు కార్డును ముందే హెచ్చరించే పద్ధతికీ మద్దతు 2021లో, ఉల్ఫ్ హాన్సన్ చేసిన మార్పులతో 5.14 సంచికలో వచ్చింది. ఆ హెచ్చరిక క్రమబద్ధంగా ఆపినప్పుడే ఉపయోగపడుతుంది. హఠాత్తుగా కరెంటు పోయినప్పుడు హెచ్చరించే వ్యవధి ఉండదు. అక్కడ కాపాడేది సకాలంలో చేసిన ఖాళీ మాత్రమే.

ఖాళీ చేయడం నెమ్మదైన పని. దానిని దాటవేస్తే కొలతల్లో వేగం అద్భుతంగా కనిపిస్తుంది. వేగం మాత్రమే కొలిచే పరిశోధన ఈ ప్రలోభానికి లోనుకాగలదు.

8. పరిశోధనకు అవకాశాలు

హైదరాబాదులో క్వాల్‌కామ్, ఏఎండీ వంటి చిప్ సంస్థల ఇంజనీరింగ్ కేంద్రాలున్నాయి. ఎంఎంసీ విభాగపు మార్పుల చరిత్రలో తెలుగు ఇంటిపేర్లు తరచు కనిపిస్తాయి. మన కళాశాలల పరిశోధకులు కూడా ఇందులో పాలుపంచుకోవచ్చు. ఖరీదైన పరికరాలు అవసరం లేదు. ఒక చిన్న బోర్డు, కొన్ని కార్డులు, కరెంటును కలిపి తెంచే ఒక రిలే చాలు. వరుస సంఖ్య, సరిచూపు సంకేతం ఉన్న రికార్డులను రాయిస్తూ, కార్డు "భద్రమైంది" అని చెప్పిన ప్రతి సంఖ్యనూ మరో యంత్రంలో నమోదు చేయాలి. అనూహ్య క్షణాల్లో కరెంటు తెంచి, తిరిగి తెరిచి, నమోదైనవాటిలో ఏవి లేవో లెక్కించాలి. ఇదే ప్రయోగాన్ని గది ఉష్ణోగ్రతలోనూ 45 డిగ్రీలలోనూ చేయాలి. సగటు వేగంతోపాటు అత్యంత నెమ్మదైన ఒక శాతం రాతల కాలాన్ని కూడా నివేదించాలి. కావాలని లోపాలను కల్పించే సౌకర్యం కెర్నెల్‌లోనే ఉంది. కోలుకునే దారిని దానితో పరీక్షించవచ్చు.

9. ముగింపు

• 2011, 2018 మార్పులు నిరీక్షణను తగ్గించాయి. అదే సమయంలో లోపం వచ్చినప్పుడు కోలుకునే బాధ్యతను డ్రైవర్‌పై పెంచాయి.

• 2016 నాటి తొలగింపు, పోషణ లేని సౌకర్యాన్ని తీసివేయడం కూడా మెరుగుదలేనని నిరూపించింది.

• 2015, 2021 మార్పులు వేగపు పట్టికల్లో కనిపించవు. ఎండకూ కరెంటు అంతరాయానికీ గురయ్యే పరికరాలకు మాత్రం అవే ప్రధానం.

• భద్రమైందని చెప్పిన తరువాత ఒక్క రికార్డు పోయినా, ఆ డ్రైవర్ ఎంత వేగమైనదైనా విఫలమైనట్లే పరిగణించాలి.

ఎర్రగుంట్లలో రికార్డు చేసిన పాట మరునాడు వినిపించాలి. డ్రైవర్ మెరుగుదలను అంచనా వేసేటప్పుడు ముందుగా అడగవలసిన ప్రశ్న అది వినిపిస్తుందా లేదా అన్నదే. ఎంత త్వరగా రాసిందన్న ప్రశ్న దాని తరువాత రావాలి.