అక్వేరియంలో బుల్లి కప్పలు.. నల్లా నీళ్లు నేరుగా పోస్తే అంతే!

మేడ్చల్, శామీర్‌పేట వైపు ఇంట్లో అక్వేరియం పెట్టి ఆఫ్రికన్ డ్వార్ఫ్ కప్పల్ని పెంచాలనుకుంటున్నారా? అయితే ముందు నీళ్ల సంగతి చూసుకోవాలి. కప్ప చర్మం చాలా పల్చన. నీళ్లలో ఏది కలిసినా ఒంట్లోకి పోతుంది. అందుకే నల్లా నీళ్లలోని క్లోరిన్ వీటికి ప్రాణాంతకం. డీక్లోరినేటర్ కలిపాకే ఆ నీళ్లు పోయాలి. బోరు నీళ్లయితే క్లోరిన్ బెడద ఉండదు కానీ, ఉప్పులు ఎక్కువుండొచ్చు.. టెస్ట్ కిట్‌తో ఓసారి చూసుకుంటే మేలు.

నీళ్లు 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. శివార్లలో చలికాలం రాత్రులు ఎలా ఉంటాయో తెలిసిందేగా, హీటర్ తప్పదు. నీళ్లలోనే బతికినా ఇవి గాలి కోసం పైకి రావాల్సిందే. కాబట్టి లోతు అడుగు దాటకపోతే మంచిది. దూకి బయటపడకుండా గాలి ఆడే మూత పెట్టాలి. చూపు మందం కావడంతో మేత చేపల పాలవుతుంది. బ్లడ్‌వార్మ్స్‌ను వాటి నోటి దగ్గరే వేయాలి.

కొనేటప్పుడు ముందు కాళ్లు చూడండి. వేళ్ల మధ్య పొర లేకపోతే అది క్లాడ్ ఫ్రాగ్.. పెద్దదై చేపల్నే మింగేస్తుంది!

పెంచలేకపోతే మాత్రం శామీర్‌పేట చెరువులో వదలొద్దు. కప్పల వ్యాపారంతోనే కైట్రిడ్ ఫంగస్ దేశాలు దాటింది. అది సోకితే మన చెరువు కప్పలకే ముప్పు. కొన్న షాపు వాళ్లనే వెనక్కి తీసుకోమని అడగండి.