భూగర్భజలమును కనిపెట్టుటకు వెచ్చ మెవరిది?

మన బీర్పూరు ప్రాంతమున రోళ్లవాగు నీరందని చేలకు బావియే ఆధారము. బావిలో మట్టము తగ్గినయెడల రైతు వెంటనే గుర్తించును. నీరు చెడినయెడల మాత్రము ఆలస్యముగా గుర్తించును. అట్లు చెడుటకు గల కారణములలో, భూమిలో పాతిన పెట్రోలు, డీజిలు ట్యాంకులనుండి చమురు కాఱుట యొకటి. ఇటీవల ప్రాథమిక వ్యవసాయ సహకార సంఘములును పెట్రోలు బంకులను నడుపుచున్నవి; 2023లో కేంద్రప్రభుత్వము సంఘముల కిందుకు ప్రత్యేకావకాశమును కల్పించినది. కావున ఈ విషయము మనకు బావుల యజమానులుగాను, బంకుల నిర్వాహకులుగాను రెండు విధముల సంబంధించియున్నది.

ట్యాంకు తుప్పుపట్టినను, గొట్టముల అతుకు వదలినను చమురు బొట్టుబొట్టుగా భూమిలోనికి దిగును. పెట్రోలు నీటికంటె తేలిక యగుటచే నీటిమట్టముపై తేలును. అందలి బెంజీను మొదలగునవి కొంత కరగి నీటి వాలు వెంబడి పోవును. బెంజీను క్యాన్సరు కలిగించునది. అమెరికాలో త్రాగునీటియందు లీటరునకు 5 మైక్రోగ్రాములకు మించరాదని నియమము. అంత స్వల్పమును కన్నుగాని నాలుకగాని పట్టజాలదు.

చెడిన ట్యాంకును తీసివేసి, మట్టిని త్రవ్వి తరలించుట కొన్ని వారముల పని. పిమ్మట నీటిని కనిపెట్టుచుండుట యేండ్ల పని. నీటి వాలు ఏ దిక్కునకు గలదో తెలియవలెనన్న, ఒకే వరుసలో లేని మూడు పరీక్షబావుల మట్టములైనను కావలెను. ఎగువబావి మంచినీటి తీరును, దిగువబావులు చమురు పోయిన దూరమును తెలుపును. సాధారణముగా మూడు నెలల కొకమారు నీటిని తీసి ప్రయోగశాలకు పంపుదురు. వానలకు మట్టము పెరిగినప్పుడు మట్టి కంటియున్న చమురు మరల నీటిలో చేరవచ్చును గనుక, ఒక్కమారు మంచి ఫలితము వచ్చినంతమాత్రమున చాలదు. అయితే ఈ పనికి కంటికి కనబడు ఫలము లేదు. అందుచే సొమ్ము పెట్టువాడు మొదట దీనినే మానుకొనును.

ఈ చిక్కును పెద్దయెత్తున ఎదుర్కొన్న దేశము అమెరికా. అచ్చట ఇట్టి కాఱుడులు ఇంతవరకు 5 లక్షలకు పైగా తేలినవి. 1986లో కేంద్రనిధి యొకటి యేర్పడినది. దానికై గ్యాలనుకు, అనగా సుమారు 3.8 లీటర్లకు, సెంటులో పదియవవంతు పన్ను వేసిరి. యజమాని కానరాని చోటను, చెల్లింపజాలని చోటను శుద్ధిపని కది ఉపయోగపడును. ఇదిగాక, కాఱుడు సంభవించినయెడల 10 లక్షల డాలర్ల వరకు భరింపగల ఆధారమును బంకు యజమానులు చూపవలెనని నియమము వచ్చెను. చిన్న యజమానులకిది శక్యము గాదు. కనుక పెక్కు రాష్ట్రములు తమ నిధులను నెలకొల్పినవి. కాలిఫోర్నియా నిధికి 1989లో చట్టమైనది. ట్యాంకులలో నింపు ప్రతి గ్యాలనుకు యజమానులు రుసుము చెల్లింతురు. అందఱును కొంచెము కొంచెము వేసికొని ఆపదలోనున్న యొకనిని ఆదుకొను ఈ పద్ధతి సహకారులమైన మనకు క్రొత్త గాదు.

నిధినుండి సొమ్ము ఊరక రాదు. యజమాని మొదట తన వంతు భరించును. బావు లెన్ని, నీరు ఎన్నిమారులు తీయవలెను, ఏ పదార్థములను వెదకవలెను అను వివరములతో పనిపత్రము వ్రాసి అధికారుల యంగీకారము పొందును. పని ముగిసిన పిమ్మట రసీదులను, ప్రయోగశాల నివేదికలను చూపి సొమ్ము రాబట్టుకొనును. ఈ యేర్పాటునకును లోపము గలదు. రాబడికంటె కోరికలు మించుటచే మిషిగను రాష్ట్రపు నిధి 1995లో దివాలా తీసినది.

మన దేశమున బంకుల రుసుముతో నడచు ఇట్టి రాష్ట్రనిధి లేదు. చెఱచినవాడే వెచ్చము భరింపవలెనను సూత్రమును, రాజస్థానమునందలి బిచ్ఛడి గ్రామపు బావుల వ్యవహారమున 1996లో సుప్రీముకోర్టు స్థిరపఱచినది. 2013లో చెన్నపట్టణపు తండయారుపేటలో గొట్టమునుండి చమురు కాఱి బోరునీటిలో చేరగా, ఆ వ్యవహారము జాతీయ హరిత న్యాయస్థానమునకు వెళ్లెను. 2025 జూలైలో, విషపదార్థములచే చెడిన స్థలములను గూర్చి కేంద్రము నియమములను ప్రకటించినది. కారకుడు కానరాని చోట ప్రభుత్వధనముతో పని చేయించుటకు అందు త్రోవ గలదు. తెలంగాణ భూగర్భజలశాఖ పరిశీలక బావులలో మట్టములను కొలుచుచున్నది. కాని మట్టము కొలుచుట వేఱు, చమురు వెదకుట వేఱు. బెంజీను పరీక్షను ప్రత్యేకముగా కోరవలెను.

కావున సభ్యులకు మా మనవి. సంఘము బంకు పెట్టదలచినయెడల, ట్యాంకు ఎవరి సొత్తో, కాఱినప్పుడు శుద్ధికిని, పిమ్మట నీటి పరీక్షలకును వెచ్చ మెవరిదో ఒప్పందపత్రమున వ్రాయింపవలెను. ట్యాంకు పాతకమునుపే చుట్టుప్రక్కల బావుల నీటిని పరీక్షింపజేసి ఫలితములను భద్రపఱుపవలెను. నీరు పిమ్మట చెడినదని చూపుటకు అదియే సాక్ష్యము. ప్రతిదినము కొలకఱ్ఱతో ట్యాంకును కొలిచి, అమ్మకపు లెక్కతో సరిచూడవలెను. బావినీటిలో చమురు వాసన తోచినయెడల ఆ నీరు త్రాగరాదు, దరిదాపుల నిప్పు చేర్పరాదు. వెంటనే తహసీలుదారునకును కాలుష్య నియంత్రణ మండలికిని వ్రాతమూలముగా తెలుపవలెను. ఒప్పందమునకు ముందే ఈ ప్రశ్నలను సర్వసభ్య సమావేశమున అడుగవలెనని కోరుచున్నాము. బావి చెడిన పిమ్మట అడిగినయెడల జవాబు చెప్పువారు దొరకుట కష్టము.