చెప్పొద్దన్నవాడే దొంగ!

పొద్దున పదకొండు గంటల వేళ. కొడుకూ కోడలూ ఆఫీసులకు, మనవలు బడికి వెళ్లిపోయారు. ఇల్లు సద్దుమణిగింది. పెద్దాయన పేపరు చదవడం ముగించి మడిచిపెట్టారు. పెద్దావిడ మధ్యాహ్నం కూరకి చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్నారు. అప్పుడు మోగింది ఫోను.

''మీ పేరున విదేశాలకు వెళుతున్న పార్శిల్ ఒకటి కస్టమ్స్‌లో పట్టుబడింది. లోపల మత్తుమందులున్నాయి. దానిమీద మీ ఆధార్ నంబరు ఉంది.''

''అయ్యో, నేనే పార్శిలూ పంపలేదండీ!''

''ఆ సంగతి మాకు కాదు, పోలీసులకు చెప్పుకోండి. లైన్ కలుపుతున్నాం.''

ఇల్లు ఎవరిదైనా కావచ్చు. ఊరు ఏదైనా కావచ్చు. మాటలు మాత్రం కాస్త అటూ ఇటూగా ఇవే. ఒక్కోసారి పార్శిల్ బదులు 'మీ ఖాతాలో నల్లడబ్బు' అంటారు. ఇంకోసారి 'మీ సిమ్‌కార్డుతో అసభ్య మెసేజ్‌లు వెళ్లాయి, రెండు గంటల్లో మీ నంబరు ఆగిపోతుంది' అంటారు. ఆ తరవాత వీడియో కాల్. తెరమీద ఖాకీ యూనిఫాం, వెనక గోడకు మూడు సింహాల గుర్తు. కాసేపటికి వాట్సాప్‌లో ముద్రలూ సంతకాలతో వారంట్ కాగితం. ఆపైన ఆజ్ఞ... ''మీరు డిజిటల్ అరెస్టులో ఉన్నారు. కెమెరా ఆపకూడదు. గది దాటి వెళ్లకూడదు. ఈ సంగతి ఎవరికీ చెప్పకూడదు.''

ఆ చివరి మాట దగ్గరే కాసేపు ఆగుదాం. ఎందుకంటే ఈ మోసమంతా నిలబడేది ఆ ఒక్క మాట మీదే.

లేని అరెస్టుకు ఉన్న డబ్బు

మన దేశంలో ఏ చట్టంలోనూ 'డిజిటల్ అరెస్ట్' అన్నది లేదు. 2024 అక్టోబరు 27న 'మన్ కీ బాత్'లో ప్రధానమంత్రి నరేంద్ర మోదీ కూడా ఈ మాటే చెప్పారు. ఆగండి, ఆలోచించండి, ఆ తరవాతే అడుగు వేయండి అని మూడు జాగ్రత్తలు సూచించారు. ఫోన్ చేస్తే చాలు, సైబర్ మోసాల గురించి హెచ్చరించే కాలర్ ట్యూన్‌ను కొన్ని నెలలపాటు విసుగొచ్చేదాకా విన్నాం. అయినా మోసం ఆగిందా అంటే... లేదు.

పార్లమెంటుకు ప్రభుత్వం ఇచ్చిన లెక్కల ప్రకారం డిజిటల్ అరెస్టు, దానికి సంబంధించిన మోసాల మీద 2022లో వచ్చిన ఫిర్యాదులు దాదాపు 40 వేలు. పోయిన సొమ్ము 91 కోట్ల రూపాయలు. రెండేళ్లు తిరిగేసరికి, 2024లో ఫిర్యాదులు లక్షా 23 వేలు దాటాయి. సొమ్ము 1,935 కోట్లకు చేరింది. ఇవి ధైర్యం చేసి ఫిర్యాదు ఇచ్చినవాళ్ల లెక్కలు మాత్రమే. పరువు పోతుందని నోరు విప్పనివాళ్లు ఈ లెక్కలోకి రారు.

పోయేది డబ్బొక్కటే కాదు. 2024లో ఆగ్రాలో ఓ ప్రభుత్వ పాఠశాల ఉపాధ్యాయినికి ఇలాంటి ఫోనే వచ్చింది. ''మీ అమ్మాయి వ్యభిచారం కేసులో దొరికింది. లక్ష రూపాయలు పంపితే బయటపడుతుంది'' అన్నాడు అవతలివాడు. నిజానికి ఆ అమ్మాయి కాలేజీలో క్షేమంగా ఉంది. కొడుకు ఆ నంబరు చూసి ఇది మోసమమ్మా అని చెప్పాడు కూడా. కానీ అప్పటికే ఆ తల్లి గుండె చెదిరిపోయింది. ఇంటికి చేరాక గుండెపోటుతో ప్రాణం విడిచింది. ఒక్క రూపాయి పోలేదు. మనిషే పోయింది.

అమాయకులే పడతారా?

ఇలాంటి వార్త చదవగానే మనలో చాలామంది అనుకునేది ఒకటే... 'అంత తెలివిలేకుండా ఎలా ఇచ్చారో!' అని.

వర్ధమాన్ గ్రూపు అధిపతి ఎస్.పి. ఓస్వాల్ పేరు వస్త్ర పరిశ్రమలో తెలియనివారుండరు. వేల కోట్ల వ్యాపారం నడిపిన మనిషి. 82 ఏళ్ల వయసులో, 2024 ఆగస్టులో ఆయనకూ ఈ ఫోను వచ్చింది. సీబీఐ అధికారులమన్నారు. ఆన్‌లైన్‌లో ఏకంగా సుప్రీంకోర్టు 'విచారణ' జరిపించారు. ప్రధాన న్యాయమూర్తి వేషం కూడా కట్టారు. ఆయన 7 కోట్లు బదిలీ చేశారు. తరవాత పోలీసులు 5 కోట్ల 25 లక్షలు వెనక్కి తేగలిగారు. అంతటి మనిషి దాచుకోకుండా తనకు జరిగింది పదిమందికీ చెప్పడం మాత్రం మెచ్చుకోవలసిన సంగతి.

డాక్టర్లు, ప్రొఫెసర్లు, బ్యాంకుల్లో పనిచేసి రిటైరైనవాళ్లు... బాధితుల్లో చదువురానివాళ్లు తక్కువ. కారణం ఆలోచిస్తే ఒకటి తడుతుంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే దొంగే భుజాలు తడుముకుంటాడని మన సామెత. ఇక్కడ మాత్రం తడుముకునేది నిజాయితీపరుడు. పోలీసు స్టేషన్ మెట్లెక్కని మనిషి, పన్ను బకాయి పెట్టని మనిషి, కోర్టు కాగితమంటే చేతులు వణికే మనిషి. అసలు దొంగకు వారంట్ చూపిస్తే వాడు లాయరుకి ఫోన్ చేస్తాడు!

డబ్బు అడిగే తీరులోనూ ఇదే కిటుకుంది. 'లంచం ఇవ్వండి' అంటే నిజాయితీపరుడు ఛీ అంటాడు. అందుకే వీళ్లు లంచమన్న మాట ఎత్తరు. ''మీ డబ్బు సక్రమమైనదో కాదో చూడాలి. ఈ ప్రభుత్వ ఖాతాలోకి పంపండి. పరిశీలన అయిపోగానే తిరిగి మీకే వచ్చేస్తుంది'' అంటారు. 'నా డబ్బు కష్టార్జితం, చూసుకోనీ' అని పెద్దాయన ధీమాగా పంపేస్తారు. ఆయన మంచితనమే ఆయనకు ఉచ్చయింది.

ఇంటిగుట్టు ఎవరికి చేటు?

ఇంటిగుట్టు లంకకు చేటు అని వింటూ పెరిగాం. ఇంట్లో ఏం జరిగినా గడప దాటకూడదు. కేసులూ కోర్టులూ అన్న మాట వినబడితే నలుగురూ ఏమనుకుంటారో! పైగా పిల్లలకు చెబితే కంగారు పడతారు. ఒకడు బెంగళూరులో, ఒకతె డాలస్‌లో. వాళ్ల పనుల్లో వాళ్లున్నారు. మనవల్ల వాళ్లకి ఇబ్బందెందుకు?

చూడండి, ఇందులో ఒక్కటీ చెడ్డ గుణం కాదు. చట్టానికి లోబడటం, పరువుకు వెరవడం, పిల్లలకు భారం కాకూడదనుకోవడం... మనం గొప్పగా చెప్పుకునే విలువలే. మోసగాడు సరిగ్గా వాటికే గాలం తగిలిస్తాడు. 'ఎవరికీ చెప్పొద్దు' అన్న మాట వింతగా తోచదు. అప్పటికే ఆ ఇంట్లో ఎవరికీ చెప్పుకోని అలవాటు ఉంది కాబట్టి.

ఆలోచిస్తే మన ఇళ్లలో ఫోను ఉండే చోటు మారడంతోనే ఇది మొదలైందనిపిస్తుంది. ఒకప్పుడు ఫోనంటే హాల్లో బల్లమీద, కుట్టిన గుడ్డ కప్పుకుని కూర్చునేది. మోగితే ఇంటిల్లిపాదీ అటు చూసేవారు. మాట్లాడి పెట్టేయగానే 'ఎవరూ? ఏమంటున్నారు?' అని వంటింట్లోంచి ప్రశ్న వచ్చేది. కొన్నిసార్లు పక్కింటివాళ్లకీ తెలిసేది, ఎందుకంటే వాళ్ల ఫోనూ అదే! ఆ రోజుల్లో ఒక మనిషిని ఫోన్లో రెండు రోజులు బంధించడం ఎవరి తరమయ్యేది? ఇప్పుడు ఇంట్లో నలుగురుంటే నాలుగు ఫోన్లు, నాలుగు గదులు. ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారో అడగడం మర్యాద కాదు. ఆ మర్యాద చాటునే దొంగ లోపలికి వస్తున్నాడు.

అసలు పోలీసు ఏం చేస్తాడు?

అరెస్టు అనేది ఫోన్లో అయ్యే పని కాదు. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహిత 43వ సెక్షన్ ప్రకారం మనిషి తనంత తాను లొంగిపోతే తప్ప, పోలీసు అధికారి అతణ్ని తాకాలి లేదా నిర్బంధించాలి. అంటే ఎదురుగా ఉండాలి. అరెస్టు చేసిన 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు హాజరుపరచాలని రాజ్యాంగంలోని 22వ అధికరణం చెబుతోంది.

అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటుంది. ఒక మనిషిని అరెస్టు చేస్తే ఆ సంగతి అతని బంధువుకో స్నేహితుడికో తెలియజేయాలి. డి.కె. బసు కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన మార్గదర్శకాల్లో ఇదొకటి. తరవాత చట్టంలోనూ చేరింది. ఎంత పెద్ద నేరమైనా సరే, ఇంట్లోవాళ్లకి తెలియాల్సిందేనని చట్టమే అంటోంది. మరి 'ఇంట్లో చెప్పొద్దు' అంటున్నవాడు ఎవరు? యూనిఫాం చూడక్కర్లేదు, ముద్రలు పరీక్షించక్కర్లేదు. ఆ ఒక్క మాటతో తేలిపోతుంది... వాడే దొంగ!

అడిగినవాళ్లు నిలబెట్టారు

2024 నవంబరులో హైదరాబాద్‌లోని ఓ స్టేట్ బ్యాంకు శాఖకు అరవై ఏళ్లు దాటిన డాక్టరు ఒకరు వచ్చారు. ఫిక్స్‌డ్ డిపాజిట్లు రద్దుచేసి 13 లక్షలు పంపాలన్నారు. దేనికని అడిగితే సొంత ఖర్చులకన్నారు, ఆ తరవాత ఆస్తి కొంటున్నానన్నారు. మాటల్లో తడబాటు, మొహంలో కంగారు. సిబ్బందికి అనుమానం వచ్చింది. పని జాప్యం చేశారు, మళ్లీ మళ్లీ నచ్చజెప్పారు. ఎవర్నీ నమ్మొద్దని ఫోన్లో చెప్పారు కాబట్టి ఆ డాక్టరు ఒక పట్టాన వినలేదు. చివరికి అసలు సంగతి బయటపడింది. జీవితకాలం దాచుకున్న సొమ్ము దక్కింది.

అక్కడ పనిచేసింది ఏ కొత్త సాఫ్టువేరూ కాదు. కౌంటరు అవతల కూర్చున్న మనిషి 'ఏమైంది?' అని అడగడం. మా డబ్బు మా ఇష్టం, మీకెందుకు అని బ్యాంకువాళ్లను కసురుకునేముందు ఈ కథ గుర్తుచేసుకోవాలి.

ఫోనుకు అవతల...

ఇంతకీ ఈ ఫోన్లు ఎక్కణ్నుంచి వస్తున్నాయి? కొన్ని మన దేశంలోంచే. చాలా వరకు కంబోడియా, మయన్మార్, లావోస్ లాంటి చోట్ల నడిచే మోసాల కార్ఖానాల నుంచి. అక్కడ కుర్చీల్లో కూర్చున్నవారిలో మన పిల్లలూ ఉన్నారు. డేటా ఎంట్రీ ఉద్యోగమని ఏజెంట్లు నమ్మించి కంబోడియా పంపిన విశాఖ ప్రాంతపు యువకుల సంగతి 2024 మేలో అక్కడి పోలీసులు బయటపెట్టారు. పాస్‌పోర్టులు లాక్కుని, గదుల్లో పెట్టి, మోసాలు చేయించారు. అదే నెలలో కంబోడియాలో చిక్కుకున్న భారతీయులు కొన్ని వందలమంది తిరగబడితే, మన రాయబార కార్యాలయం పలువురిని ఇంటికి చేర్చింది. ఇక్కడ ఒక తండ్రి డబ్బు పోగొట్టుకుంటున్న వేళ, అక్కడ మరో తండ్రి కొడుకు బెదిరింపుల మధ్య ఆ ఫోను పట్టుకుని ఉండవచ్చు.

మోసపు సొమ్ము దాటించడానికి ఖాతాలు కావాలి. కాస్త కమిషన్ ఆశతో తమ బ్యాంకు ఖాతాను అద్దెకిచ్చే కుర్రాళ్లు మన ఊళ్లలోనూ ఉన్నారు. పెద్దలకు జాగ్రత్త చెప్పినట్టే, కాలేజీకి వెళ్లే పిల్లలకూ చెప్పాలి... పాస్‌బుక్కు అద్దెకిచ్చేది కాదని, ఇస్తే కేసు మన మెడకే చుట్టుకుంటుందని.

మరి మనమేం చేయాలి?

2025 అక్టోబరులో సుప్రీంకోర్టు ఈ మోసాలను తనంత తానుగా విచారణకు తీసుకుంది. అంబాలాకు చెందిన వృద్ధ దంపతులు నకిలీ కోర్టు ఉత్తర్వులు చూసి కోటి రూపాయలకు పైగా పోగొట్టుకున్న ఉదంతమే అందుకు కారణం. డిసెంబరు 1న దర్యాప్తును సీబీఐకి అప్పగించింది. అది కోర్టుల పని, పోలీసుల పని. ఇంట్లో చేయాల్సింది ఇంకా ఉంది.

డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం 1930 నంబరుకు ఫోన్ చేయాలి. సొమ్ము ఖాతాలు మారకముందే బ్యాంకులు ఆపే అవకాశం తొలి గంటల్లోనే ఎక్కువ. దొంగలు పడ్డ ఆర్నెల్లకు కుక్కలు మొరిగినట్టు వారం తరవాత చెబితే లాభం తక్కువ.

అయితే వెంటనే చెప్పాలంటే చెప్పగలిగే ఇల్లు ఉండాలి కదా! అమ్మ ఓ తప్పుడు లింకు నొక్కిందని, నాన్న ఎవడికో ఓటీపీ చెప్పారని తెలిస్తే మనం ఎలా మాట్లాడుతున్నాం? 'ఇంత చదువుకుని ఏం లాభం?', 'ఎన్నిసార్లు చెప్పాలి మీకు?', 'అసలు స్మార్ట్‌ఫోన్ మీకెందుకు?' ఒక్కసారి ఇలా అంటే చాలు. రెండోసారి వాళ్లు మనకు చెప్పరు. చెప్పకపోవడమేగా ఆ దొంగకు కావల్సింది! అతని పని సగం మనమే చేసిపెట్టినట్టు.

రోజూ సాయంత్రం ఒక్క అయిదు నిమిషాలు... డబ్బు పంపారా, మందులు వేసుకున్నారా అన్న ప్రశ్నలు కాకుండా, 'ఇవాళ ఎవరెవరు ఫోన్ చేశారు నాన్నా?' అని మామూలుగా అడిగి చూడండి. వాళ్లే చెబుతారు. ఫలానా పిన్ని చేసిందనీ, గ్యాస్ ఏజెన్సీ నుంచి మెసేజ్ వచ్చిందనీ, ఎవడో హిందీలో ఏదో వాగాడనీ. ఆ మూడో సంగతి దగ్గర చెవి పెట్టండి.

పెద్దలకు నేర్పాల్సిన సాంకేతిక పాఠం కూడా పెద్దదేం కాదు. వాక్యం ఒక్కటే. అవతల ఎవరున్నా, ఏ కేసని చెప్పినా... ''మా అబ్బాయితో మాట్లాడి చెబుతానండీ'' అనడం. అబ్బాయి కాకపోతే అమ్మాయి, ఎవరూ లేకపోతే పక్కింటివారు. అసలైన అధికారికి ఈ మాటతో ఏ ఇబ్బందీ ఉండదు. దొంగకు మాత్రం ఇంతకన్నా వినకూడని మాట మరొకటి లేదు.