మీవాడు ఒక్కడే పాచికలాడుతున్నాడా?

సింగ్‌నగర్ నుంచి ఒక తల్లి ఇరవై ఏళ్ళ కొడుకుని వెంటబెట్టుకుని మా ఓ.పి.కి వచ్చింది (గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను). అబ్బాయి ఇంజనీరింగు చదువుతున్నాడు. తండ్రి లారీ డ్రైవరు, నెలకి నాలుగు రోజులు ఇంట్లో ఉంటే ఎక్కువ.

"డాక్టరు గారూ, వీడు రాత్రిళ్ళు తలుపేసుకుని తనలో తనే మాట్లాడుకుంటున్నాడండీ. 'ఊపిరి ఇంకో ఆరు గంటలకే సరిపోతుంది' అంటాడు. మధ్యమధ్యలో ఏదో గలగలమని చప్పుడు. తాయెత్తు కూడా కట్టించానండీ" అంది.

బయట వరసలో నలభై మంది ఉన్నారు. నేనూ తొందరపడ్డాను. అడగవలసింది అడగకుండానే మానసిక వైద్య విభాగానికి చీటీ రాసేశాను. అంతలో అబ్బాయి సంచీలోంచి ఒక రూళ్ళ నోటుబుక్కు, రెండు పాచికలు తీసి బల్లమీద పెట్టాడు. పాచికలు ఇంట్లో పాత వైకుంఠపాళి పెట్టెలోవే. చీటీ పక్కన పెట్టి ఆ నోటుబుక్కు తిరగేశాను.

మీలో చాలామందికి ఈ ఆట సంగతి తెలియకపోవచ్చు. నాకూ ఆ రోజే తెలిసింది. నలుగురు బల్ల చుట్టూ కూర్చుని తలా ఒక పాత్ర ధరిస్తారు. ఒకరు మధ్యవర్తిగా ఉండి, "మీ వ్యోమనౌక ఇంజను ఆగిపోయింది, ఏం చేస్తారు?" అని అడుగుతారు. చేసిన పని ఫలించిందో లేదో పాచిక తేలుస్తుంది. అంతరిక్ష కథలతో ఆడేవాటిలో పేరున్నది 'ట్రావెలర్'. అమెరికాలో మార్క్ మిల్లర్ అనే ఆయన రూపొందించగా 1977లో వెలువడింది. మామూలు ఆరు ముఖాల పాచికలు చాలు. ఒంటరిగా కూడా ఆడవచ్చని ఆ నియమాల పుస్తకంలోనే ఉంది. అందులో ఒక తమాషా ఏమిటంటే, పాత్రని తయారుచేస్తుండగానే, అసలు ఆట మొదలుకాకముందే, పాచిక సరిగ్గా పడక ఆ పాత్ర చచ్చిపోవచ్చు! 2022లో వచ్చిన 'స్టార్‌ఫోర్జ్‌డ్' అనే ఆటయితే ఒంటరిగా ఆడుకునేవాళ్ళకి బాగా వీలుగా రాసినది. మధ్యవర్తి లేడు గనక ప్రశ్న వేసుకునేదీ తనే. "ఆ నౌకలో ఎవరైనా ప్రాణాలతో ఉన్నారా?" అనుకుని పాచిక వేసి, పట్టికలో ఆ అంకెకి ఎదురుగా ఉన్న జవాబు చూసి, దాన్ని కథగా అల్లి నోటుబుక్కులో రాసుకుంటాడు.

మరి ఆ మాటలో? మన ఇళ్ళలో ఆడపిల్ల బొమ్మల పెళ్ళి చేస్తూ ఇటు వియ్యపురాలూ అటు వియ్యపురాలూ తనే అయి మాట్లాడేది, లాంఛనాల దగ్గర పోట్లాడేది కూడా. ఆ పిల్లని ఎవరూ ఆస్పత్రికి తీసుకురాలేదు.

అలాగని తల్లి భయాన్ని కొట్టిపారెయ్యను. స్కిజోఫ్రీనియా వంటి వ్యాధులు తరచు బయటపడేది ఈ వయసులోనే. తేడా తెలుసుకోవాలంటే "ఎవరితో మాట్లాడుతున్నావురా?" అని నెమ్మదిగా అడగండి. ఆట ఆడేవాడు కాస్త సిగ్గుపడి "కథలో కెప్టెన్ మాటలు" అంటాడు. ఆ కెప్టెన్‌ని పుట్టించిందీ, పాచిక వేస్తున్నదీ తనేనని అతనికి తెలుసు. అన్నానికి పిలిస్తే కథ ఆపి వస్తాడు. వ్యాధి ఉన్నవాడికి మాటలు బయటినుంచి వినిపిస్తాయి. అవి తిడతాయి, ఆజ్ఞాపిస్తాయి. ఇరుగుపొరుగు తనమీద కుట్ర పన్నారంటాడు, కాదంటే నమ్మడు. స్నానం, తిండి పట్టించుకోడు. అప్పుడు మాత్రం తాయెత్తులతో కాలం గడపకండి. వైద్యం ఎంత త్వరగా మొదలైతే అంత మంచిది.

ఇది వ్యసనమా అని మరో అనుమానం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 నుంచి అమలుచేస్తున్న వ్యాధుల పట్టికలో ఆటల వ్యసనం ఉందిగాని, అది వీడియో ఆటల గురించి. కాగితాలూ పాచికలూ అందులో లేవు. అయినా ఆపాలనుకుని ఆపలేకపోవడం, చదువూ స్నేహాలూ పాడవుతున్నా వదలకపోవడం కనిపిస్తే ఏ ఆటనైనా అనుమానించవలసిందే.

"ఎప్పటినుంచి ఒక్కడివే ఆడుతున్నావు బాబూ?" అన్నాను.

2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు పొంగి సింగ్‌నగర్ మునిగినప్పటినుంచి. వీళ్ళు పై అంతస్తులో చిక్కుకున్నారు. కరెంటు లేదు, ఫోన్లు ఆరిపోయాయి, తాగే నీళ్ళు గ్లాసుతో కొలుచుకున్నారు. అంతకుముందు స్నేహితులతో ఆడిన ఆటని అబ్బాయి కొవ్వొత్తి వెలుగులో ఒక్కడే మొదలుపెట్టాడు. నౌకకి చిల్లు పడింది, గాలి లెక్కచూసుకుని వాడాలి. తల్లి విన్న 'ఊపిరి' అదే.

"నౌకలో ఎవరెవరున్నారు?"

"ముగ్గురమండీ. అమ్మ, నేను, తాతయ్య."

తాతయ్య ఆ నవంబరులోనే ఊపిరితిత్తుల జబ్బుతో పోయారని తల్లి చెప్పింది. నోటుబుక్కు చివరి పేజీల్లో కూడా ఆయన ఉన్నారు.

"ఆయనకి పాచిక చెడ్డగా పడితే మళ్ళీ వేస్తానండీ" అన్నాడు అబ్బాయి నేల చూస్తూ. ఆటంతటిలో అతను నియమం తప్పేది అక్కడొక్కచోటే.

ఆ పెద్దాయన మాట ఎత్తితే పిల్లవాడు బెంగపడతాడని తల్లి, అమ్మ ఏడుస్తుందని కొడుకు, ఇద్దరూ నెలల తరబడి నోరు మెదపలేదు.

నేను మందు రాయలేదు. రాత్రి రెండింటికి పడుకుని ఏడింటికి లేస్తున్నాడు. ఆ వయసుకి ఏడు నుంచి తొమ్మిది గంటల నిద్ర కావాలి గనక పదకొండుకి నోటుబుక్కు మూయమన్నాను. మంచంమీద బోర్లా పడుకుని రాయకుండా బల్ల దగ్గర కూర్చోమన్నాను, అరగంటకోసారి లేచి తిరగమన్నాను. పాత స్నేహితుల్లో ముగ్గురు హైదరాబాదు వెళ్ళిపోయారు. కంకిపాడులో ఉన్నవాడి దగ్గరికి ఆదివారం బస్సెక్కి వెళ్ళమన్నాను. తల్లికి ఒకటే చెప్పాను: నోటుబుక్కు చింపవద్దు, దాచవద్దు, కథ ఎంతదాకా వచ్చిందని అడగండి, మామగారి గురించి మీరే ముందు మాట్లాడండి. సాయంత్రమంతా ఫోనులో తలదూర్చి కూర్చునే తల్లిదండ్రులు పిల్లవాడి పాచికల్ని తప్పుపట్టడం ఈమధ్య చాలా ఇళ్ళలో చూస్తున్నాను. అదీ బాగోలేదు.

ఒకటి మరవకండి. దిగులు రెండు వారాలు దాటినా తగ్గక ఏ పనిమీదా మనసు నిలవకపోతే, చావు మాట కథలో కాక తన గురించే ఎత్తితే, వెంటనే డాక్టరుకి చూపించండి. 2022లో మొదలైన టెలీ మానస్ నంబరు 14416కి పగలైనా రాత్రయినా డబ్బు లేకుండా ఫోను చెయ్యవచ్చు, తెలుగులోనే మాట్లాడవచ్చు.

నెల తరువాత తల్లీకొడుకులు మళ్ళీ వచ్చారు. నిద్ర పన్నెండుకి వచ్చింది, పదకొండు ఇంకా కాలేదు. తాతయ్య నౌకలోనే ఉన్నారట. ఆయన పాచిక ఇప్పుడు తల్లి వేస్తోందట.