కొత్త ఇల్లు కట్టేవారు పెరటిని మరువకండి



ఎర్రగుంట్లలో ఇప్పుడు మూడు సెంట్ల స్థలముంటే మూడు సెంట్లూ ఇల్లే. మిగిలిన కాస్త జాగాలో కాలికి మట్టి అంటకూడదని నాపరాళ్లు పరిచేస్తున్నారు. రాయి మన ఊరిదే, సులువుగా దొరుకుతుంది గనుక తప్పు పట్టలేము. అయితే పగలంతా ఎండ పట్టిన రాయి రాత్రి ఆ వేడిని గోడలకూ గదులకూ వదులుతుంది. వడదెబ్బ ఎండలో తిరిగినవారికే వస్తుందనుకోకండి. రాత్రి కూడా చల్లబడని గదిలో పడుకునే ముసలివారికీ, పసిబిడ్డలకూ ఆ ప్రమాదముంది.

అందుకే పడమటి వైపు కొంత నేలను మట్టిగానే విడవండి. చోటుంటే వేప గానీ కానుగ గానీ గోడకు పదిహేను అడుగుల దూరంలో నాటండి. మేము ఒకసారి నాలుగడుగుల దూరంలోనే వేపను నాటి, ప్రహరీ బీటలిచ్చాక తెలుసుకున్నాము! చోటు లేకపోతే పందిరి వేసి చిక్కుడు, బీర పాకించండి. సిమెంటు, గనుల దుమ్మును ఆకులు కొంత పట్టుకుంటాయి గానీ పూర్తిగా ఆపవు. ఉబ్బసం ఉన్నవారి ఇంట్లో చీపురుతో ఊడ్చేకన్నా తడిగుడ్డతో తుడవడమే మేలు.

మంచం పట్టినవారి గది కిటికీ పెరటి వైపుకే ఉంచండి. 1984లో అమెరికా పరిశోధకుడు రోజర్ ఉల్రిచ్ పిత్తాశయం ఆపరేషను జరిగిన 46 మంది రోగుల వివరాలు పరిశీలించారు. కిటికీలోంచి చెట్లు కనబడినవారు, ఇటుక గోడ మాత్రమే కనబడినవారికన్నా త్వరగా ఇంటికి వెళ్లారు. వారికి బలమైన నొప్పిమందులు కూడా తక్కువే పట్టాయి.

చూస్తే చాలదు, వారు పెరట్లోకి రాగలగాలి. తుంటి ఎముక విరిగిన అవ్వకు రెండు మెట్లు కూడా కొండే. పెరటి గుమ్మానికి గడప లేకుండా కట్టించండి. ఎత్తు ఒక అడుగైతే వాలు పన్నెండు అడుగుల పొడవుండాలి. అంతకన్నా నిటారుగా ఉంటే చక్రాల కుర్చీ అదుపు తప్పుతుంది. పక్కన పట్టుకోను కమ్మీ పెట్టించండి.

నీళ్లు ఎక్కడివి అంటారా? వంటింటి నీళ్లను అరటి పాదుకు పారించండి, నిలువ మాత్రం ఉండనివ్వకండి. వెయ్యి చదరపు అడుగుల మిద్దె మీద 25 మిల్లీమీటర్ల వాన పడితే సుమారు 2,300 లీటర్లవుతుంది. ఆ నీటిని ఇంకుడుగుంతకు మళ్లించండి.

ఇక జాగ్రత్తలు. డెంగీ దోమ గుడ్డు నుండి రెక్కలు వచ్చేవరకు వారం, పది రోజులు చాలు. గనుక కుండీల కింద పళ్లాలను, మూతలేని డ్రమ్ములను వారానికొకసారి ఖాళీ చేసి, తోమి ఆరబెట్టండి. మిగిలిన నాపరాళ్లను గుమ్మం దగ్గర పేర్చకండి, వాటి సందుల్లో తేళ్లు చేరతాయి. చీకటిపడ్డాక పెరట్లోకి చెప్పులు, బ్యాటరీ లైటు లేకుండా వెళ్లవద్దు. పాము కరిస్తే గాటు పెట్టకండి, తాడు బిగించి కట్టకండి. ఆ కాలు గానీ చెయ్యి గానీ కదలకుండా ఉంచి వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.