వరుస తప్పించి వినరాని ఏడు పాటలు

2018 సెప్టెంబరులో ఎల్.బి.నగర్ నుండి దిల్‌సుఖ్‌నగర్ మీదుగా అమీర్‌పేటకు మెట్రో రైలు నడువ నారంభించిన నాటినుండి, కోచింగు సెంటర్లకును ఆఫీసులకును పోవు యువజనులు ఇయర్‌ఫోనులు తగిలించుకొని, విక్టోరియా మెమోరియల్, చైతన్యపురి స్టేషనులు దాటులోపలనే రెండు మూడు పాటలు మార్చివేయుచుందురు. ఇందు వారి దోషమేమియు లేదు. మనకు పాట యనగా సినిమాపాటయే గనుక, దాని కథ తెరపై నుండును. పాటను ఎక్కడ తుంచి విన్నను లోటు కానరాదు. అట్టి శ్రోతలకు, పాటల వరుసయే కథగా నడచు ఆల్బమును పరిచయము చేయవలెనన్నచో, ఫ్రెంచి గాయకకవి సెర్జ్ గేన్స్‌బూర్ 1971 మార్చిలో వెలువరించిన ‘ఇస్త్వార్ ద మెలొడీ నెల్సన్’ కంటె తగినది నాకు తోచదు. ఏడే పాటలు, అన్నియు కలిసి సుమారు 28 నిమిషములు.

రష్యానుండి పారిస్ చేరిన యూదు దంపతులకు 1928లో జన్మించిన గేన్స్‌బూర్ తొలుత చిత్రకారుడు కాగోరి, పిమ్మట బారులలో పియానో వాయించి పొట్ట పోసికొన్నవాడు. ఈ ఆల్బము కథ చిన్నది. నడివయసు పురుషు డొకడు 1910 నాటి రోల్స్ రాయిస్ కారులో పోవుచు ఒక సైకిలును ఢీకొనును. పడినది మెలొడీ యను ఆంగ్లబాలిక, పదునైదేండ్లు నిండీ నిండనిది. పిదప వాంఛ, ఒక విలాసగృహము, తుదకు ఆమె యెక్కిన విమానము కూలుట. ఆ బాలిక వయసు తలచిన కొలది వినువారికి రోత పుట్టును, పుట్టవలెను కూడ. కవి తన కథకుని నిందింపక మౌనము వహించుటయే కళ యని మెచ్చుకొనువారితో నేను ఏకీభవింపజాలను.

ఐనను సంగీతనిర్మాణమున దీనికి సాటి అరుదు. ఆదిభట్ల నారాయణదాసుగారు హరికథ యొకటి చేపట్టి వచనమునుండి కీర్తనకును, కీర్తననుండి వచనమునకును నడచినట్లే ఇతడును నడచును గాని, గొంతెత్తి పాడుట తక్కువ. చెవిలో రహస్యము చెప్పుచున్నట్లు గుసగుసగా పలుకును. ఆ పలుకుల క్రింద బేస్ గిటారు తడబడుచు, ఆగుచు, మరల సాగుచు నుండును. లండనులో ధ్వనిముద్రితమైన ఆ గిటారు, డ్రమ్ముల వాద్యముపై సంగీత సంయోజకుడు జాఁ క్లోద్ వానియే పారిస్‌లో వయొలిన్ల సమూహమును చేర్చి, పెక్కు చోట్ల వాద్యమును నిశ్శబ్దముగా విడిచినాడు. ఆ విడిచిన తావులలోనే అతని ప్రతిభ యెక్కువగా తెలియును. మొదటి పాటయు చివరి పాటయు ఏడు నిమిషములకు మించినవి, నడిమి అయిదును పొట్టివి. మొదట వినిన బేస్ నడకయే చివరి పాటలో తిరిగి వచ్చును. ఈసారి దానిపై పెద్ద కోరస్ లేచును. పసిఫిక్ దీవులలో కొందరు ఆదివాసులు విమానములు తమకు సంపద తెచ్చునని పూజలు చేసెడివారు. ఆ పూజలే ఈ తుదిపాటకు పేరైనవి. పోయిన పిల్లను విమానమే తిరిగి తేవలెనని ఆ కథకుడును వారివలెనే వేడుకొనును.

వెలువడిన నాడు ఈ ఆల్బము అంతగా అమ్ముడుపోలేదు. తరువాతి తరముల రాక్ సంగీతకారులు దీనిని వెదకి విన్నారు. అమెరికా గాయకుడు బెక్ 2002లో చేసిన ‘సీ చేంజ్’లో ఆ వయొలిన్ల నీడ స్పష్టముగా కనబడును. ఫ్రెంచి రాదని సందేహింపవలదు. పైని కథ తెలిసినది చాలును. మొదటి పాటనుండి ఏడవదాక, నడుమ నొక్కటియు దాటవేయక, ఒక్కసారి వినుడు.