నడికడలికి అంచెవార్త

తుపాను రానున్నదని ముందుగా తెలిసికొనుటయందు మన వాతావరణశాఖవారు గడచిన యేబదియేండ్లలో సాధించిన ప్రగతిని ఎవ్వరును కాదనజాలరు. ఆ తెలిసినమాటను తీరమునకు 90 కిలోమీటర్ల దూరమున వలలు వేసికొని యున్న పడవకు చేర్చుటలో మాత్రము మనము మిక్కిలి వెనుకబడి యున్నామని చెప్పుటకు చింతిల్లుచున్నాము.

1996 నవంబరు 6 వ తేదీన కాకినాడకు దక్షిణమున తీరము దాటిన తుపానులో వేయిమందికి పైగా మరణించిరి. కడలిపైనుండి తిరిగిరాని జాలరులు వారిలో అనేకులు. 2017 నవంబరు కడపట ఓఖీ తుపాను కన్యాకుమారి చేరువ కొలదికాలములోనే బలిసి కేరళ, తమిళనాడుల పడవలను ముంచినది. ఆ పడవలలో పెక్కు హెచ్చరిక వెలువడుటకు కొన్ని దినములు ముందే రేవు విడిచినవి. హెచ్చరిక వెలువడినను వారి చెవిని పడలేదు. తీరమునుండి 10, 12 కిలోమీటర్లు దాటిన పిదప సెల్ ఫోను మూగబోవునని విశాఖపట్టణపు ఏ సరంగు నడిగినను చెప్పును.

కారణము సుబోధము. ఈ పొట్టి రేడియో తరంగములు వెలుతురువలె తిన్నగా పోవును గాని భూమి వంపును చుట్టి రాజాలవు. నీటికి 4 మీటర్ల యెత్తున ఏరియలు కట్టుకొన్న రెండు పడవలు సుమారు 16 కిలోమీటర్ల వఱకే యొకదాని నొకటి వినగలవు. యంత్రబలమును పదిరెట్లు పెంచినను దిగంతము క్రింద దాగిన పడవకు మాట యందుట దుర్లభము. కావున ఉపగ్రహము ద్వారా పంపవలెను, లేదా పడవనుండి పడవకు అంచెలమీద పంపవలెను. మొదటి మార్గమును ప్రభుత్వమువారు చేపట్టినారు. దానిని గుఱించి ముందు వ్రాసెదము. రెండవదానిని మనవారు చాలినంతగా పట్టించుకొనలేదు.

పూర్వము టపా సంచి అంచెలమీదనే నడచెడిది. టపా జవాను తన అంచె దూరము పరుగెత్తి, సంచిని రెండవవాని చేతబెట్టిన పిదపనే మఱలెడివాడు. దారిలో నేలబెట్టి వచ్చెడివాడు కాడు. నిస్తంత్రి మాటకు ఆ చేయి లేదు. గాలిలోనికి వదలిన మాట అందినదో లేదో వదలినవానికి తెలియదు. ఒక్కొక్క అంచెయందు నూఱు మాటలలో 90 చేరుననుకొందము. ఇది చెడ్డ లెక్క కాదని తోచును. ఆఱు అంచెలు దాటునప్పటికి మిగులునవి 53 మాత్రమే. గోదావరి కాలువలక్రింద శివారుభూములుగల పాఠకులకు ఈ సంగతి మేము విప్పి చెప్పనక్కఱలేదు. తూముతూమునను కొంచెము కొంచెముగా పోయిన నీరు కడపటి చేనికి వచ్చునప్పటి కేమగునో వా రెఱుగుదురు.

మాట చేరలేదని తెలిసినపుడు మొదటినుండి మరల నొకసారి పంపినచో నూటికి 78 చేరును. అట్లుగాక, ప్రతి పడవయు తన ముందుపడవనుండి రసీదు వచ్చువఱకు కనిపెట్టియుండి, రానిచో నొక్కసారి మాత్రము మరల పలికినచో నూటికి 94 చేరును. యంత్రములవే, పడవలవే. ఎవరెవరికి రసీదు ముట్టుచున్నదనుటలోనే ఇంత భేదమున్నది. రసీదే దారిలో పోయినచో అదే మాట రెండుమారులు వచ్చును గనుక ప్రతి మాటకు నొక అంకె వేయవలెను; ఒకసారి పంపిన అంకెను మరల ముందుకు పంపరాదు. అంచె రసీదులతోనే పని తీరదు. మూడవ పడవ అందినదని చెప్పి, ముందుకు పంపకమునుపే దాని బ్యాటరీ చచ్చిపోవచ్చును. రెండవ పడవ తన పని తీరినదని యూరకుండును. అందుచే కడపటి పడవ తన పేర తీరమునకు రసీదు పంపవలెను. అది వేళకు రానిచో తీరమువారు మఱియొక వరుస పడవలమీదుగా మాటను నడపవలెను.

కడలియందు అలను గూడ చూడవలెను. రెండలల నడుమ దిగిన పడవ కొన్ని క్షణములు చెవిటి దగును. వెంటనే పలికిన రెండవమాటయు మొదటిదాని గతినే పొందును. కొన్ని సెకనులు తాళి, అల పడవను పైకెత్తిన పిదప పలికిన మాట చేరును. పైన మేము వేసిన లెక్క మొదటి ప్రయత్నమునకు రెండవదానికి సంబంధము లేదనుకొని వేసినది. తొందరపడువానికి ఆ 94 దక్కదు.

హెచ్చరిక విన్న ప్రతి పడవయు దానిని వెంటనే చాటినచో అంతయు సంత యగును. 1971 లో హవాయి విశ్వవిద్యాలయమున నార్మన్ అబ్రామ్సన్ గారును వారి తోడివారును దీవులనడుమ కంప్యూటర్లను నిస్తంత్రితో కలిపినపుడు ఈ చిక్కునే యెదుర్కొనిరి. ఇరువురు నొకేసారి పలికి మాట చెడినచో, ఒక్కొక్కరు తోచినంతకాలము వేఱువేఱుగా తాళి మరల పలుకుట వారి పద్ధతి. సులభమైనదే గాని, ఆ పద్ధతిని ఎంత చేసినను కాలములో నూటికి 18 పాళ్లకు మించి పనికి రాదు. పలుకుటకు ముందు వినుట, పొరుగువాడు చెప్పగా విని తాను మానుట అనునవి పిదప వచ్చిన మర్యాదలు. మన సభలలో గూడ నివి యింకను పూర్తిగా కుదురలేదు.

అన్నిటికంటె నపాయకరమైనది నిద్రించు అంచె. 1912 ఏప్రిలు 14 వ తేదీ రాత్రి టైటానిక్ ఓడ మంచుకొండను దాకి మొఱపెట్టినపుడు కాలిఫోర్నియన్ అను ఓడ చేరువలోనే యుండెను. దానిపై నిస్తంత్రి యంత్ర ముండెను. యంత్రము నడుపువా డొక్కడే; అతడు పని చాలించి పండుకొనెను. అంతకంటె దూరముననున్న కార్పేథియా ఓడపై నుద్యోగి యింకను మేలుకొని యుండుటచే ఏడువందలమంది బ్రదికిరి. తరువాతి కాలమున నియమములు మాఱినవి. ఓడల నిస్తంత్రిగదులలో గడియారముల ముఖముపై గంటకు రెండుచోట్ల మూడేసి నిమిషముల మేర ఎఱ్ఱరంగు పూసి, ఆ నిమిషములందు అందఱును మౌనము వహించి ఆపదమాటకు చెవియొగ్గు నాచార మేర్పడినది. నేటి చిన్న యంత్రములును బ్యాటరీ పొదుపుకొఱకు నిద్రించును. నిద్రింపనిండు, కాని అన్నియు నొక్క గడియారము ననుసరించి యొక్క వేళకు మేల్కొనవలెను. అట్టి కాలమానము ఉపగ్రహములనుండి ప్రతి పడవకును దొరకును.

ప్రభుత్వమువారు చేసినదానిని చెప్పకుండుట న్యాయముగాదు. 2010 నుండి ఇస్రోవారి ఆపద సూచకయంత్రములు పడవలపై వాడుకలోనికి వచ్చినవి. మీట నొక్కగనే ఉపగ్రహముద్వారా మొఱ కేంద్రమునకు పోయి, అచ్చటినుండి తీరరక్షకదళమునకు చేరును. మునుగుచున్నవారికి మాత్రము తమ మొఱ యెవరైన వినిరో లేదో తెలిసెడిది కాదు. 2024 జనవరిలో వచ్చిన రెండవతరము యంత్రమున తిరుగు రసీదు చేర్చిరి. ఒక్క రసీదుకు పదునాలుగేండ్లు పట్టినది! హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థవారి జెమిని యంత్రము, 2019 లో వెలువడినది, హెచ్చరికను నడికడలిలో సెల్ ఫోనునకు దించును. కాని వినుటయే గాని తిరిగి పలుకుట దానికి రాదు. ఎన్ని పడవలు విన్నవో పంపినవారి కది చెప్పజాలదు. 2024 ఆగస్టులో లక్ష పడవలకు ఇరువైపుల పలుకు యంత్రములనిచ్చు పథకము ప్రారంభమైనది. మంచిదే. అయితే ఇవన్నియు ఆకాశమువంకనే చూచునవి. పడవమీది యంత్రము చెడినదినమున ప్రక్కపడవ చెప్పినగాని దిక్కులేదు. కేరళమున అమృత విశ్వవిద్యాపీఠమువారు ఓషన్‌నెట్ అను పేర పడవనుండి పడవకు అంచెలు కట్టుటకు పూనుకొనిరి. ఆంధ్రతీరమున అట్టి యత్నము కావలెను. మరపడవల యజమానులైన మా పాఠకులు ఇంజను బ్యాటరీతో సంబంధములేని బ్యాటరీ నొకదానిని నిస్తంత్రికై వేఱుగా నుంచుటకు ప్రభుత్వపు టుత్తరువుకొఱకు కాచుకొనవలసిన పనిలేదు.

మత్స్యశాఖవారికి మా మనవి యిది. వచ్చు నవంబరునకు ముందు, తెఱపిగల యొక దినమున, కాకినాడనుండి యొక పరీక్షా హెచ్చరికను పంపవలెను. ఆ వేళకు ఎన్ని పడవలు కడలిపై నున్నవి, ఎన్నిటినుండి రసీదు వచ్చినది, ఎన్ని నిమిషములకు వచ్చినది, ఈ మూడంకెలను ఆ రాత్రియే రేవులోని పలకపై వ్రాయవలెను. మఱునాడు మేమును వానిని ఈ పుటయందు ప్రకటింతుము.